7 లీటర్ల ఇంజిన్ చేతిలో ఉండగా 6.2 ఎందుకు? కార్వెట్‌కి సూపర్‌చార్జర్ బిగించడం వెనక లెక్క

కార్వెట్ అనే అమెరికన్ స్పోర్ట్స్ కార్ల గురించి కాస్త తెలిసినవాళ్ళకి ఈ విచిత్రం గుర్తుండే ఉంటుంది. 2006లో జనరల్ మోటార్స్ (జీఎం) వాళ్ళు సీ6 తరం కార్వెట్‌లో జెడ్06 అని ఒకటి దింపారు, అందులో ఎల్ఎస్7 అనే 7 లీటర్ల ఇంజిన్, 505 హార్స్ పవర్, టర్బో లేదు సూపర్‌చార్జర్ లేదు, ఉత్తి సైజుతోనే కొట్టేయడం. మూడేళ్ళకి 2009 మోడల్‌గా జెడ్ఆర్1 వచ్చింది, దానికి సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసే పంపు, బ్లోయర్ అని కూడా అంటారు) పెట్టి 638 హార్స్ పవర్ తీశారు. ఎవరైనా ఏమనుకుంటారు, ఆల్రెడీ 505 ఇచ్చే ఇంజిన్ షెల్ఫ్‌లో ఉంది కదా, దాని నెత్తి మీద బ్లోయర్ కూర్చోబెట్టి ఉంటారులే అనుకుంటారు. వాళ్ళు ఆ పని చెయ్యలేదు. 7 లీటర్లదాన్ని పక్కన పెట్టేసి, మామూలు కార్వెట్‌లో ఉండే 6.2 లీటర్ల కొలతే తీసుకుని, లోపల దాదాపు ప్రతి ముక్కా మార్చి, అప్పుడు బ్లోయర్ బిగించారు. దాని పేరు ఎల్ఎస్9.

ఆ రోజు వాళ్ళు ఏమేం మార్చారో ఆ లిస్టు దగ్గర పెట్టుకుంటే, ఇవాళ బయట అట్టపెట్టెలో దొరికే ఏ సూపర్‌చార్జర్ కిట్ అయినా ఎంతవరకు నమ్మొచ్చో తేల్చుకోవచ్చు. ఎందుకంటే కిట్ అమ్మేవాడు పెట్టెలో ఉన్నవి చెప్తాడు, పెట్టెలో లేనివి చెప్పడు. ఫ్యాక్టరీ వాడికి ఆ సౌకర్యం లేదు, 5 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళు వారంటీ ఇవ్వాలి కాబట్టి తర్వాత ఏది పోద్దో అది ముందే మార్చేసుకున్నాడు.

ముందు ఆ 7, 6.2 గొడవ చూద్దాం. ఎల్ఎస్ కుటుంబం ఇంజిన్లన్నిటిలో పక్కపక్క సిలిండర్ల మధ్య సెంటర్ నుంచి సెంటర్‌కి దూరం ఒకటే, 111.76 మిల్లీమీటర్లు. అది మారదు. ఎల్ఎస్7లో బోర్, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 104.8 మిల్లీమీటర్లు, అంటే రెండు బోర్ల మధ్య మిగిలేది దాదాపు 7 మిల్లీమీటర్లు, అందులోనే రెండు వైపులా ఇనుప స్లీవులు, మధ్యలో అల్యూమినియం. అదే 6.2 లీటర్ల ఇంజిన్‌లో బోర్ 103.25, అక్కడ 8.5 మిల్లీమీటర్లు మిగులుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ అంటే రూపాయి బిళ్ళ మందమే కదా అనిపిస్తుంది, కానీ హెడ్ గాస్కెట్ సీల్ కూర్చునేది ఆ సన్నటి గట్టు మీదే, లోపల పేలుడు ఒత్తిడి పెరిగినప్పుడు బోర్ గోడ కొంచెం ఉబ్బి గుండ్రదనం పోకుండా ఆపేది కూడా అదే. సైజు కోసం బోర్ పెంచుకుంటూ పోయిన ఇంజిన్‌కి ఒత్తిడి తట్టుకునే గోడ తగ్గుతుంది. ఒళ్ళు పెంచాలా ఊపిరి పెంచాలా అంటే రెండూ ఒకే అల్యూమినియం ముక్కలో కుదరవు.

రెండోది కంప్రెషన్, అంటే పిస్టన్ పైకొచ్చేటప్పుడు లోపలి గాలిని ఎన్నో వంతుకి నలుపుతుందో ఆ నిష్పత్తి. ఎల్ఎస్7ది 11.0కి 1, మామూలు కార్వెట్‌లో వచ్చిన ఎల్ఎస్3ది 10.7కి 1, ఎల్ఎస్9ది 9.1కి 1. వర్క్‌షాపుల్లో ఒక మోటు లెక్క వేస్తారు, కంప్రెషన్‌ని బూస్ట్‌తో గుణించి చూడటం. బయట గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), దానికి పైన బ్లోయర్ కలిపేదే బూస్ట్, రెండూ కూడి 14.7తో భాగిస్తే వచ్చినదాంతో కంప్రెషన్‌ని గుణించాలన్నమాట. ఎల్ఎస్9కి ఫ్యాక్టరీ ఇచ్చిన బూస్ట్ 10.5 పీఎస్ఐ, లెక్క వేస్తే 15.6 వస్తుంది. ఇప్పుడు ఎల్ఎస్7 మీద ఏదో కిట్ పెట్టి కేవలం 7 పీఎస్ఐ ఇచ్చారనుకోండి, 16.2 వస్తుంది. అంటే బూస్ట్ మూడో వంతు తక్కువ, ఇంజిన్ మీద పడే బరువు మాత్రం ఫ్యాక్టరీ వాడి దానికంటే ఎక్కువ. అదే ఎల్ఎస్3 మీద 6 పీఎస్ఐ అయితే 15.1 దగ్గర ఆగుతుంది. ఈ లెక్కలో గాలి వేడి లేదు, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ లేదు, వాల్వులు తెరుచుకునే కామ్ టైమింగ్ లేదు, కాబట్టి దీన్నే వేదం అనుకోకూడదు, కానీ ఏ కారు దీనికి పనికొస్తుందో చెప్పడానికి సరిపోతుంది. కాస్ట్‌లీ జెడ్06 కంటే మామూలు 430 హార్స్ పవర్ కార్వెట్టే బ్లోయర్‌కి మంచి క్యాండిడేట్. ఈ ముక్క వినడానికి జెడ్06 ఓనర్లకి నచ్చదు, నిజమే.

సూపర్‌చార్జర్ అంటే ఏంటో ఒక మాటలో చెప్పుకోవాలంటే కమ్మరి కొలిమి తిత్తి. పోలిక కోసం అంటున్న మాట కాదు, దాని పుట్టుకే అక్కడ. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌లో రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంట్ తీసుకున్న బ్లోయర్, మొదట్లో కొలుములకి, గనులకి గాలి కొట్టడానికే వాడారు. కార్ల ఇంజిన్లలోకి అది తర్వాతెప్పుడో వచ్చింది. ఇప్పటికీ రూట్స్ టైపు అని ఆ ఇంటిపేరుతోనే పిలుస్తారు. ఎల్ఎస్9 మీద ఉన్న ఈటన్ కంపెనీ బ్లోయర్ కూడా ఆ వంశమే, కాకపోతే రోటార్లకి నాలుగేసి మడతలు, వాటిని పొడుగునా మెలితిప్పి గాలి సాఫీగా తోసేలా చేశారు, ఒక చుట్టుకి 2.3 లీటర్ల గాలి తోస్తుంది. రెండో రకం ట్విన్ స్క్రూ, స్వీడన్ ఇంజినీర్ లిషోమ్ పని మీద ఆధారపడింది, ఇందులో గాలి లోపలే నలిగి బయటికొస్తుంది కాబట్టి ఎక్కువ బూస్ట్ దగ్గర కాస్త మెరుగు. మూడోది సెంట్రిఫ్యూగల్, చూడ్డానికి టర్బోలా నత్తగుల్ల ఆకారం, కానీ తిప్పేది సైలెన్సర్ పొగ కాదు, ముందున్న బెల్ట్.

ఈ మూడింటిలో ఏది మంచిదని కొట్టుకోవడం కంటే కారుతో ఏం చేస్తారో చూసుకోవడం బెటర్. రూట్స్, స్క్రూ రకాలు 2000 ఆర్పీఎం దగ్గరే గట్టిగా తోస్తాయి, కాలు పెట్టగానే పికప్ ఉంటుంది, వెనక టైర్లు మాత్రం పాపం. సెంట్రిఫ్యూగల్ అలా కాదు, దాని ఒత్తిడి తిరిగే వేగానికి వర్గంలా పెరుగుతుంది, సగం ఆర్పీఎంలో పావు వంతు బూస్టే ఉంటుంది, మొత్తం తమాషా చివర్లోనే. అందువల్లే అది స్టాక్ (ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న) ఇంజిన్‌కి, గేర్‌బాక్స్‌కి కొంచెం దయగా ఉంటుంది, కింద ఆర్పీఎంలో టార్క్ ఒక్కసారి కొట్టదు. పైగా ఇంజిన్ నెత్తి మీద కాకుండా పక్కన వేలాడుతుంది కాబట్టి సీ6 లాంటి పల్చటి బోనెట్ కింద తేలిగ్గా పడుతుంది.

బూస్ట్ అనగానే మనకి పాల గ్లాసు గుర్తొస్తుంది, ఎంత ఎక్కువేస్తే అంత బలం అని. ఇంజిన్‌లో ఆ మాట కరెక్ట్ కాదు. గేజ్ మీద కనిపించే పీఎస్ఐ ఇంజిన్‌లోకి ఎంత గాలి పోయిందో చెప్పదు, పోలేక వాల్వుల ముందు ఎంత ఇరుక్కుందో చెప్తుంది. అదే బ్లోయర్, అదే పుల్లీ ఉంచి సిలిండర్ హెడ్ మార్గాలు బాగు చేసి, మంచి ఎగ్జాస్ట్ వేస్తే బూస్ట్ తగ్గి పవర్ పెరుగుతుంది. కాబట్టి నాది 9 పీఎస్ఐ నీది 7 అనుకోవడంలో అర్థం లేదు.

ఇక అసలు సంగతి వేడి. సైకిల్ పంపు గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టి కింద గొట్టం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది కదా, అదే కథ. బయట 30 డిగ్రీలు, బూస్ట్ 7 పీఎస్ఐ, బ్లోయర్ సామర్థ్యం 65 శాతం అనుకుని లెక్క కడితే బయటికొచ్చే గాలి దాదాపు 85 డిగ్రీలు ఉంటుంది. ఒత్తిడి 48 శాతం పెరిగింది కానీ గాలి వేడెక్కి వ్యాకోచించడం వల్ల నిజంగా చిక్కబడింది 25 శాతమే, మిగతాదంతా వేడిగా పోయింది. దాన్ని ఇంటర్‌కూలర్‌తో 50 డిగ్రీలకి దింపితే అదే గాలి 39 శాతం చిక్కగా లోపలికి పోతుంది. అంటే ఇంటర్‌కూలర్ ఏదో అదనపు హంగు కాదు, లాభంలో మూడో వంతు పైన అదే తెస్తోంది. ఇక మే నెలలో 42 డిగ్రీల ఎండ, విజయవాడ అనుకోండి, డాలస్‌లో ఆగస్టు అనుకోండి, అదే లెక్కలో బ్లోయర్ నుంచి వచ్చే గాలి 100 డిగ్రీలకి చేరుతుంది. చలికాలం పొద్దున్నే డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద తీసిన నంబర్ కాగితం పట్టుకుని ఎండాకాలం మధ్యాహ్నం అదే బండి అనుకుంటే ఎలా.

జీఎం ఎల్ఎస్9లో నీళ్ళతో చల్లార్చే రెండు కోర్లు బ్లోయర్‌కి అటూ ఇటూ పెట్టింది, ముందు విడిగా ఒక రేడియేటర్, విడిగా పంపు. పైన కార్బన్ ఫైబర్ బోనెట్‌కి ఒక పాలీకార్బనేట్ కిటికీ పెట్టి ఆ ఇంటర్‌కూలర్ మూత కనపడేలా చేశారు, అది షో కోసమే అనుకోండి, అయినా బాగుంటుంది.

ఈ వేడి సంగతిలో ఫ్యాక్టరీ వాడు కూడా బోల్తా కొట్టాడు, అది చెప్పకపోతే అన్యాయం. 2015లో వచ్చిన సీ7 జెడ్06కి ఎల్టీ4 ఇంజిన్, 650 హార్స్ పవర్, కానీ బ్లోయర్ సైజు 1.7 లీటర్లే. చిన్నదాన్ని పెట్టి వేగంగా తిప్పారు, ఎల్ఎస్9 బ్లోయర్ 15,000 ఆర్పీఎం అయితే ఇది 20,000 దాకా తిరుగుతుంది. బోనెట్ ఎత్తు తగ్గింది, రెస్పాన్స్ బాగుంది, పేపర్ మీద అన్నీ బాగున్నాయి. ట్రాక్ మీదకి తీసుకెళ్ళిన ఓనర్లకి మాత్రం కొన్ని ల్యాపుల్లోనే ఇంజిన్ వేడెక్కి కంప్యూటర్ పవర్ కోసేసి మెల్లగా మాత్రమే నడిచే లింప్ మోడ్‌లోకి వెళ్ళిపోవడం మొదలైంది. 2017 మోడల్‌కి బోనెట్ మీద గాలి రంధ్రం పెద్దది చేశారు, బ్లోయర్ మూత మార్చారు, అదే ఏడాది ఓనర్లు కోర్టుకి కూడా వెళ్ళారు. తర్వాత 2019 జెడ్ఆర్1లో 755 హార్స్ పవర్ కావాల్సొచ్చినప్పుడు బ్లోయర్ 2.65 లీటర్లకి పెంచారు, అంటే సగం పైన పెద్దది, కారు మొత్తంలో వేడి దించే కూలర్లు, రేడియేటర్లు అన్నీ కలిపి 13 పెట్టారు. పదమూడు! ముందు నుంచి చూస్తే కారుకి మూతి కంటే జల్లెడ ఎక్కువ కనిపిస్తుంది. అన్ని వనరులున్న కంపెనీకే ఒక తరం మొత్తం పట్టింది ఈ పాఠం, అలాంటిది పెట్టెలో ఒకే ఒక్క పల్చటి కూలర్, పక్కన చిన్న పంపు పెట్టి ట్రాక్ డేకి కూడా ఆగుతుందని చెప్తే నమ్మడం కష్టమే.

రోడ్డు మీద అయితే కథ వేరు, అది ఒప్పుకోవాలి. రోడ్డు మీద ఎవరూ నిమిషాల తరబడి ఫుల్ థ్రాటిల్ తొక్కరు, తొక్కితే ఏడెనిమిది సెకన్లు, ఆ తర్వాత లైసెన్స్ అయినా పోవాలి ముందు సిగ్నల్ అయినా రావాలి. ఆ సెకన్లలో కూలర్‌లో ఉన్న నీళ్ళే వేడిని మింగేస్తాయి, తర్వాత మెల్లగా చల్లారతాయి. స్టాక్ ఎల్ఎస్3 మీద 6 పీఎస్ఐ పెట్టి 550 హార్స్ పవర్ దరిదాపుల్లో ఏళ్ళ తరబడి హాయిగా తిరిగే బళ్ళు ఉన్నాయంటే కారణం ఇదే, కిట్ గొప్పతనం కంటే వాడకం తీరు.

పెట్రోల్ దగ్గర జనం తక్కువ లెక్క వేస్తారు. బ్లోయర్ లేని 430 హార్స్ పవర్ ఇంజిన్ ఫుల్ మీద నిమిషానికి 2.2 లీటర్ల పెట్రోల్ తాగుతుందనుకుంటే, బ్లోయర్ పెట్టి 600 తీస్తే 3.7 లీటర్లు కావాలి. పవర్ పెరిగింది 40 శాతం, పెట్రోల్ పెరిగింది 68 శాతం. ఎందుకంటే బూస్ట్ మీద గాలి, పెట్రోల్ మిశ్రమం చిక్కగా, అంటే పెట్రోల్ పాలు ఎక్కువగా ఇవ్వాలి, లోపల ఆవిరయ్యే పెట్రోలే పిస్టన్ తలని చల్లగా ఉంచుతుంది, పైగా బ్లోయర్‌ని తిప్పడానికి ఇంజిన్ కొంత పవర్ ఖర్చు పెట్టుకుంటుంది. ఎల్ఎస్9 స్థాయిలో గాలిని నలపడానికే 50 హార్స్ పవర్ దాకా పోతుందని సుమారు లెక్క, బెల్ట్, గేర్ల రాపిడి అదనం. ఒక చిన్న కారు ఇంజిన్ మొత్తం బ్లోయర్ తిప్పడానికే సరిపోతుందన్నమాట. కాబట్టి ఇంజెక్టర్లు మారాలి, పంపు మారాలి, కొన్నిసార్లు వైరింగ్ కూడా మారాలి. ఇక్కడ మిగిల్చుకుందాం అనుకునేవాళ్ళని చూస్తే ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడిన సామెత గుర్తొస్తుంది. ఆరు వేల ఆర్పీఎం దగ్గర పెట్రోల్ ఒత్తిడి పడిపోయి మిశ్రమం పల్చబడితే నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తనే పేలడం) వస్తుంది, బూస్ట్ మీద నాకింగ్‌కి క్షమాపణ ఉండదు.

ఆ నాకింగ్‌లో ముందు పోయేది ఏది? చాలామంది కనెక్టింగ్ రాడ్ అనుకుంటారు. ఎల్ఎస్3 లాంటి ఇంజిన్లో ముందు పోయేది పిస్టన్ రింగు, ఆ రింగు కూర్చునే గట్టు. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. పిస్టన్ రింగు పూర్తి వలయం కాదు, ఒక చోట తెగి సన్నటి సందు ఉంటుంది. వేడికి రింగు సాగుతుంది, సాగినప్పుడు ఆ సందు మూసుకుపోవడానికి దగ్గరవుతుంది. బ్లోయర్ లేని ఇంజిన్‌కి బోర్ కొలతని బట్టి పై రింగుకి 0.4 మిల్లీమీటర్ల సందు వదిలితే చాలు, బూస్ట్‌కైతే 0.6 వదులుతారు. ఫ్యాక్టరీ ఎల్ఎస్3ని బ్లోయర్ కోసం కట్టలేదు, కాబట్టి బిగువైన సందే ఉంటుంది. ఫుల్ బూస్ట్ మీద ఎక్కువసేపు లాగితే రింగు కొసలు రెండూ ఒకదానికొకటి తగులుతాయి, ఇంకా సాగడానికి చోటు లేదు, బోర్‌ని బిగబట్టి పట్టుకుంటుంది, పిస్టన్ మాత్రం ఆగదు కదా, అది సెకనుకి వంద సార్లు పైకీ కిందకీ పోతూనే ఉంటుంది. అప్పుడు పిస్టన్ పై అంచు చిన్న పెంకులా లేచిపోతుంది. ఎల్ఎస్3 పిస్టన్ పోత పోసిన సిలికాన్ అల్యూమినియం, గట్టిదే కానీ పెళుసు, సాగదు, విరుగుతుంది. బయటికి తెలిసేది ఏంటంటే ఐడిల్‌లో ఒక సిలిండర్ కొట్టుకోవడం, ఆయిల్ మూత తీస్తే పొగ. 0.2 మిల్లీమీటర్ల తేడా, అంతే, పోస్ట్‌కార్డు మందం కూడా ఉండదు.

ఎల్ఎస్9 లిస్టులో ఈ చోట ఏముందో చూస్తే, ఫోర్జింగ్ పిస్టన్లు, టైటానియం రాడ్లు, పిస్టన్ కిందనుంచి ఆయిల్ చిమ్మి చల్లార్చే నాజిల్స్, సోడియం నింపిన ఎగ్జాస్ట్ వాల్వులు, 11 మిల్లీమీటర్ల బదులు 12 మిల్లీమీటర్ల హెడ్ బోల్టులు, గట్టి గాస్కెట్, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక ఫ్లైవీల్‌కి 9 బోల్టులు. ఇవేవీ పెట్టెలో రావు. వచ్చేది బ్లోయర్, బ్రాకెట్లు, బెల్ట్, ఇంజెక్టర్లు, ఒక ట్యూనింగ్ ఫైల్. అంటే కిట్ మోసమని కాదు, కిట్ పని చేసేదంతా ఫ్యాక్టరీ వాడు వదిలిపెట్టిన మార్జిన్ లోపల. ఆ మార్జిన్ ఎంతో ఎవడూ లేబుల్ మీద రాసిపెట్టలేదు, అందుకే కాస్త కిందే ఉండాలి.

ట్యూనింగ్ దగ్గర ఇంకో చిన్న తికమక ఉంది, మనవాళ్ళు దీంట్లో పడుతుంటారు. అమెరికా బంకుల్లో 91, 93 అని కనిపించే ఆక్టేన్ నంబర్, ఇండియా బంకుల్లో 91, 95 అని కనిపించేది ఒకటే కాదు. అక్కడిది రెండు పరీక్షల సగటు, ఇక్కడిది ఒక్క రీసెర్చ్ నంబర్. అమెరికా 93 అంటే మన లెక్కలో దాదాపు 98. కాబట్టి అమెరికా 93కి రాసిన ట్యూన్‌ని ఇక్కడ ఎక్స్‌పీ95 పోసి నడిపితే నంబర్ పెరిగినట్టే కనిపిస్తుంది, నిజానికి ఆక్టేన్ తగ్గింది. ఇక్కడైతే ఇండియన్ ఆయిల్ 2020 చివర్లో తెచ్చిన ఎక్స్‌పీ100 లాంటిదే దానికి సరిపోయేది, అదేమో అన్ని బంకుల్లో దొరకదు. అయినా ఇండియాలో ఈ చర్చ ఇంకో గోడకి తగిలి ఆగుతుంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అమెరికాలో కూడా అంత ఫ్రీ ఏం కాదు, కాలిఫోర్నియాలో అయితే ఆ రాష్ట్ర గాలి కాలుష్య బోర్డు ఇచ్చిన ఆర్డర్ నంబర్ ఉన్న కిట్ అయితేనే స్మాగ్ పరీక్ష పాసవుతుంది. కిట్ మీద ఆ స్టిక్కర్ ఉందో లేదో డబ్బులు కట్టేముందు చూసుకోవాలి.

ఈ గొడవ కొత్తదేం కాదు అని చెప్పడానికి ఒక పాత కథ. 1929లో ఇంగ్లండ్‌లో బెంట్లీ కార్ల రేసర్ టిమ్ బర్కిన్, నాలుగున్నర లీటర్ల బెంట్లీకి సూపర్‌చార్జర్ పెట్టించాడు, 110 హార్స్ పవర్ ఉన్న బండి రోడ్డు మోడల్‌లోనే 175కి పోయింది. కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకి ఇది అస్సలు నచ్చలేదు, పవర్ కావాలంటే ఇంజిన్ పెద్దది చెయ్యాలి గానీ దాని నోట్లో గాలి కుక్కితే డిజైన్ చెడిపోతుందని ఆయన వాదన. 1930 లే మాన్స్ రేసులో బ్లోయర్ బెంట్లీలు ఒక్కటీ చివరిదాకా రాలేదు, గెలిచింది ఆయన ఆరున్నర లీటర్ల స్పీడ్ సిక్స్. ఎనభై ఏళ్ళ తర్వాత జీఎం ఒకే కారులో ఈ రెండు దారులూ పెట్టింది, జెడ్06 బెంట్లీ గారి దారి, జెడ్ఆర్1 బర్కిన్ దారి. 2008లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో జెడ్ఆర్1 7 నిమిషాల 26.4 సెకన్లలో తిరిగొచ్చింది కాబట్టి బర్కిన్‌కి ఆలస్యంగా న్యాయం జరిగిందనుకోవచ్చు. అయితే ఇప్పుడు వచ్చిన సీ8 జెడ్ఆర్1లో జీఎం బ్లోయర్‌ని వదిలేసి రెండు టర్బోలకి మారింది, 5.5 లీటర్ల నుంచి 1,064 హార్స్ పవర్. ఆ స్థాయిలో బెల్ట్‌తో గాలి తిప్పడం అంటే క్రాంక్ దగ్గర నుంచి లాక్కునే పవర్ మరీ ఎక్కువైపోతుంది.

బెల్ట్ అంటే గుర్తొచ్చింది, బిగించే రోజు అసలు చెమటలు పట్టించే పని అదే. క్రాంక్ ముందు పుల్లీ 8 అంగుళాలు, బ్లోయర్ పుల్లీ 3.5 అంగుళాలు అనుకోండి, ఇంజిన్ 6,500 తిరిగితే బ్లోయర్ దాదాపు 14,900 తిరుగుతుంది. గేర్ మారగానే ఇంజిన్ ఒక్కసారి పడిపోతుంది, బ్లోయర్ మాత్రం ఆ ఊపులోనే ఉండాలని చూస్తుంది, మధ్యలో నలిగేది బెల్ట్. అందుకే ఫ్యాక్టరీ ఎల్ఎస్9కి 11 గాడుల వెడల్పాటి బెల్ట్ వేసింది. ఎల్ఎస్ ఇంజిన్లలో ఇంకో తిరకాసు, క్రాంక్ ముందు పుల్లీకి కీ గాడి లేదు, మధ్య బోల్ట్ బిగువు మీదే అది నిలబడుతుంది. ఏసీ, ఆల్టర్నేటర్ తిప్పడానికి ఆ బిగువు చాలు, బ్లోయర్‌కి చాలదు, పుల్లీ క్రాంక్ మీద జారిపోవచ్చు. అప్పుడు చేసేది పిన్నింగ్, అంటే పుల్లీ మధ్య బోసుకి (క్రాంక్ మీద కూర్చునే భాగం), క్రాంక్ కొసకి మధ్య సరిగ్గా ఆ అతుకు మీద డ్రిల్లుతో రంధ్రం వేసి స్టీలు పిన్ను దిగ్గొట్టడం. సీ6లో పుల్లీ ముందు స్టీరింగ్ ర్యాక్ అడ్డం, కాబట్టి ర్యాక్ ఊడదీసి, కింద ఇంజిన్‌ని మోసే క్రేడిల్ కొంచెం దింపి, మెకానిక్ వెల్లకిలా పడుకుని, జిగ్ బిగించి, రాని చోటికి డ్రిల్ తిప్పాలి. డ్రిల్ బిట్ లోపల విరిగితే ఆ రోజు అక్కడితో సరి.

బిగించాక రోడ్డు మీదకి దూకకూడదు. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి వేసి సందు తగ్గించాలి, గాలి ఒత్తిడి కొలిచే సెన్సార్ వాతావరణ ఒత్తిడికి మించి చదవలేనిదైతే మార్చాలి, ల్యాప్‌టాప్ పెట్టి మూడో గేర్‌లో ఒక లాగుడు లాగి లాగ్ (సెన్సార్ల రికార్డు) చూడాలి. లాగ్‌లో చూడాల్సింది పెద్ద నంబర్ కాదు. మిశ్రమం 11.5 (ఒక పాలు పెట్రోల్‌కి అన్ని పాళ్ళ గాలి) దగ్గర నిలబడిందా, పైకెళ్ళే కొద్దీ పెట్రోల్ ఒత్తిడి పడుతోందా, నాక్ సెన్సార్ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతోందా, వరుసగా మూడో లాగుడులో గాలి వేడి ఎంతకి చేరింది. మొదటి లాగుడు ఎవరికైనా బాగానే వస్తుంది, ట్యూనర్ పనితనం మూడోదానిలో తెలుస్తుంది. క్లచ్ అప్పటికే వాసన మొదలెడితే ఇంకో ఖర్చు రాసుకోవడమే, ఎల్ఎస్9కి రెండు ప్లేట్ల క్లచ్ ఊరికే వెయ్యలేదు. బ్రేకులు కూడా అంతే, జెడ్ఆర్1కి ముందు 394 మిల్లీమీటర్ల కార్బన్ సిరామిక్ డిస్కులు ఉన్నాయి, కిట్ పెట్టెలో బ్రేకులు ఉండవు.

సెకండ్‌హ్యాండ్‌లో సీ6 కొనేవాళ్ళు కూడా ఇవన్నీ తెలుసుకోవాల్సిందే. చాలామంది అమ్మేముందు కిట్ విప్పి వేరేగా అమ్ముకుని, పాత ఇన్‌టేక్, పాత ఇంజెక్టర్లు బిగించి, కంప్యూటర్‌లోకి ఫ్యాక్టరీ ఫైల్ ఎక్కించి, ఎప్పుడూ మోడిఫై చెయ్యని బండి అని పెడతారు. బోనెట్ ఎత్తి చూస్తే ఏమీ తెలియదు. బండిని లిఫ్ట్ మీద ఎక్కించి, టార్చ్ లైటు, చిన్న అద్దం పట్టుకుని క్రాంక్ పుల్లీ మధ్య బోల్ట్ పక్కన చూడాలి. అక్కడ అతుకు మీద గుండ్రటి పిన్ను కనపడితే ఆ ఇంజిన్ ఎప్పుడో బూస్ట్ తాగిందన్నమాట.